గోపన్నను నియమించిందెవరు?

భద్రాచలం గుడికి వచ్చినవాళ్ళకు రామదాసు కథ చెప్పేటప్పుడు మేం ఒక సంగతి తేలిగ్గా దాటేస్తాం. నేలకొండపల్లి కంచర్ల గోపన్నకు పాల్వంచ పరగణా తహశీల్దారు ఉద్యోగం ఎలా వచ్చిందన్నది. మేనమామలు అక్కన్న, మాదన్నలు గోల్కొండ తానీషా కొలువులో చక్రం తిప్పుతున్నారు కాబట్టి వచ్చింది. శిస్తు వసూలు చేశాడు, ఆ సొమ్ముతో గుడి కట్టాడు, నగలు చేయించాడు, పట్టుబడ్డాడు, పన్నెండేళ్ళు ఖైదులో మగ్గాడు. ఏ నగకు ఎన్ని వరహాలయిందో ఒక కీర్తనలో పద్దుల వారీగా చెప్పుకున్నాడు కూడా. ఆడిట్ అభ్యంతరాలకు ఉద్యోగి జైలు గదిలోంచి రాసుకున్న జవాబు అది. చివరికి రామలక్ష్మణులే వచ్చి ఆరు లక్షల మాడలు చెల్లించి రసీదు పుచ్చుకున్నారని కథ. బాకీ తీరింది, ఖైదూ తీరింది. నియామకం మాట మాత్రం ఎవరూ ఎత్తలేదు. తానీషా మంత్రుల్ని పిలిచి ‘మీ మేనల్లుడి చేతిలో ఖజానా పెట్టే ముందు మీరేం చూశారు?’ అని నిలదీసినట్టు ఏ హరికథలోనూ నేను వినలేదు.

రామదాసు మీద నాకు భక్తికి లోటు లేదు. ఆయన సొంతానికి దమ్మిడీ తినలేదనే నమ్ముతాను. కానీ ప్రభుత్వ పదవుల్లో నియామకాల మీద గత అరవై ఏళ్ళలో మన కోర్టులకెక్కిన కేసులు వరసగా చదువుకుంటూ వస్తే, తానీషా అడగని ఆ ప్రశ్న దగ్గరే కేసు నిలవడమో కూలడమో కనిపిస్తుంది. కుర్చీలో కూర్చున్న మనిషి చెడ్డవాడని నిరూపించబోయిన పిటిషన్లు చాలావరకు వీగిపోయాయి. కూర్చోబెట్టినవాళ్ళు ఫైలు చదవలేదని చూపించినవి గెలిచాయి.

ఈ కేసులకు వాడే రిట్ కో వారంటో. ఏ అధికారంతో ఈ కుర్చీలో కూర్చున్నావన్నది ఆ లాటిన్ మాటకు తాత్పర్యం. పదమూడో శతాబ్దంలో ఇంగ్లండు రాజు మొదటి ఎడ్వర్డ్ తన ప్రభువుల్ని అడిగిన ప్రశ్న ఇది. మన రాజ్యాంగం 226వ అధికరణ పుణ్యమా అని ఇప్పుడు మామూలు మనిషి హైకోర్టు ద్వారా పదవిలో ఉన్నవాణ్ణి అడగొచ్చు. ఆ ఉద్యోగం నాకు రావలసిందనో, నాకు నష్టం జరిగిందనో చెప్పుకోనక్కర్లేదు. ఉద్యోగుల సర్వీసు గొడవల్లో ప్రజాప్రయోజన వ్యాజ్యాలు చెల్లవన్న కోర్టులే కో వారంటోను దానికి మినహాయించాయి. తలుపు ఇంత బార్లా తెరిచి ఉన్నా లోపలికి పోయాక దారి ఇరుకు. 1963లో మైసూరు విశ్వవిద్యాలయం కేసులో ఇంగ్లీషు రీడర్ నియామకాన్ని సి.డి. గోవిందరావు సవాలు చేశారు. రిట్ ఎప్పుడు చెల్లుతుందో సుప్రీంకోర్టు వివరంగా చెప్పి, నిపుణుల కమిటీ ఎంపికలో మేం వేలు పెట్టమంటూ ఆ నియామకాన్ని నిలబెట్టింది. ఇప్పటికీ ప్రతి వకీలూ ఆ తీర్పుతోనే మొదలుపెడతాడు. పిటిషనర్ ఓడిపోయిన కేసు అది.

అర్హత వేరు, యోగ్యత వేరు అన్నది కోర్టుల మాట. చట్టం అడిగిన డిగ్రీ, అనుభవం, వయసు ఉన్నాయా లేదా అన్నది అర్హత. ఈ పనికి తగినవాడా కాదా అన్నది యోగ్యత. మొదటిది మేం చూస్తాం, రెండోది నియమించేవాళ్ళ పని అని 2009లో మహేశ్ చంద్ర గుప్తా కేసులో సుప్రీంకోర్టు గీత గీసింది. 1992లో గౌహతి హైకోర్టు జడ్జిగా రాష్ట్రపతి నియమించిన కె.ఎన్. శ్రీవాస్తవ ప్రమాణం చేయకముందే ఆ నియామకాన్ని కొట్టేసింది, ఆయన న్యాయాధికారి పదవి చేసినవారు కాదు కాబట్టి. అది అర్హత. 2023 ఫిబ్రవరిలో మద్రాసు హైకోర్టు జడ్జిగా నియమితురాలైన విక్టోరియా గౌరి పాత ప్రసంగాల మీద వేసిన పిటిషన్ను కొట్టేసింది. అది యోగ్యత. ఢిల్లీలో వాదనలు నడుస్తుండగానే చెన్నైలో ఆమె ప్రమాణస్వీకారం చేస్తున్నారు.

నిజాయితీ ఈ రెంటిలో ఏ గూటికి చెందుతుందో చాలాకాలం తేలలేదు. తేల్చింది పి.జె. థామస్ కేసు. అవినీతిని కనిపెట్టి చూడాల్సిన కేంద్ర విజిలెన్స్ కమిషనర్‌గా 2010 సెప్టెంబరులో ఆయన్ను నియమించారు. కేరళ పామోలిన్ దిగుమతి కేసులో ఆయన అప్పటికే నిందితుడు. ప్రధాని, హోంమంత్రి, లోక్‌సభలో ప్రతిపక్ష నేత కూర్చున్న ముగ్గురి కమిటీలో ప్రతిపక్ష నేత సుష్మా స్వరాజ్ ఒప్పుకోలేదు. ఇద్దరి మాటతో పని జరిగిపోయింది. 2011 మార్చి 3న సుప్రీంకోర్టు ఆ సిఫార్సు చట్టం దృష్టిలో లేనట్టేనంది. ఆ తీర్పులో థామస్ దోషి అన్న మాట వెతికినా దొరకదు. ఆయన మీద శాఖాపరమైన చర్య తీసుకోవాలని సిబ్బంది వ్యవహారాల శాఖలోనే 2000 నుంచి 2004 దాకా నోట్లు నడిచాయి. ఆ నోట్లు కమిటీ ముందుకు రాలేదు. కోర్టు పట్టుకున్నది అది. మనిషి ఒక్కడి నిజాయితీ చూస్తే చాలదు, అతను కూర్చోబోయే సంస్థ పరువు నిలుస్తుందా అని చూడాలి, అలా చూసినట్టు ఫైలులో కనపడాలి. సంస్థాగత నిజాయితీ అన్న మాట వాడుకలోకి వచ్చింది ఇక్కడినుంచే. యోగ్యత జోలికి పోమన్న కోర్టు, యోగ్యత గురించి ఆలోచించారా అని అడగడం మాత్రం మా పనేనంది. కిటికీ చిన్నదే. గాలి మాత్రం బాగా ఆడింది.

2013లో పంజాబ్ పబ్లిక్ సర్వీస్ కమిషన్ చైర్మన్ కేసులో ఇంకో అడుగు పడింది. ఆ పదవికి రాజ్యాంగం ఏ చదువూ, ఏ అనుభవమూ నిర్దేశించలేదు. రాయనంత మాత్రాన ఎవరినైనా కూర్చోబెట్టొచ్చని కాదనీ, నిజాయితీ, సామర్థ్యం చూడాలన్నది ఆ పదవి స్వభావంలోనే ఉందనీ సుప్రీంకోర్టు చెప్పింది.

ఇక మన ఇలాకా. ఉమ్మడి రాష్ట్రంలో 2012లో సమాచార కమిషనర్లను వేసినప్పుడు అందులో నలుగురు రాజకీయాల్లో తిరిగినవాళ్ళు. ప్రజాజీవితంలో పేరున్నవాళ్ళు కావాలని సమాచార హక్కు చట్టం అంటూనే, ఏ పార్టీతోనూ సంబంధం ఉండకూడదని కూడా అంటుంది. 2013 సెప్టెంబరులో హైకోర్టు ఆ నలుగురి నియామకాలూ కొట్టేసింది. సుప్రీంకోర్టు దాన్ని ఖాయం చేసేసరికి 2017 వచ్చింది, మధ్యలో రాష్ట్రమే రెండయింది. 2020 ఏప్రిల్లో ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఆర్డినెన్స్‌తో ఎన్నికల కమిషనర్ నిమ్మగడ్డ రమేష్ కుమార్ పదవీకాలం కుదించి జస్టిస్ కనగరాజ్‌ను కూర్చోబెడితే, మే 29న హైకోర్టు ఆ ఆర్డినెన్స్‌నే కొట్టేసింది. 2021 సెప్టెంబరులో తిరుమల బోర్డుకు 52 మంది ప్రత్యేక ఆహ్వానితులను వేసిన జీవోలను ఆపేసింది. దేవుడి ముందు నిలబడటానికి అంతమంది ప్రత్యేకులు ఎందుకో జీవోలో రాయలేదు. 2023 జనవరి 10న తెలంగాణ హైకోర్టు తీర్పుతో చీఫ్ సెక్రటరీ సోమేశ్ కుమార్ ఆంధ్రకు పోవాల్సి వచ్చింది. ఆయన నిజాయితీ మీద అక్కడ వాదనే లేదు, విభజనలో ఆయన్ను ఏ రాష్ట్రానికి కేటాయించారన్నదే ప్రశ్న. రాష్ట్రంలో అందరికంటే పెద్ద అధికారిని కదిలించింది ఒక కేటాయింపు కాగితం.

అదే ఏడాది జూన్‌లో వచ్చిన ఇంకో తీర్పు దగ్గర కాస్త ఆగాలి. తెలంగాణ పబ్లిక్ సర్వీస్ కమిషన్‌లో 2021 మేలో వేసిన ఆరుగురు సభ్యుల మీద ఒక ప్రొఫెసర్ హైకోర్టుకెళ్ళారు. కోర్టు నియామకాలు కొట్టేయలేదు, వాళ్ళు తగినవాళ్ళో కాదో మళ్ళీ పరిశీలించమని ప్రభుత్వానికే చెప్పింది. అప్పటికే ప్రశ్నపత్రాల లీకేజీతో గ్రూప్-1 ప్రిలిమ్స్ రద్దయింది. మా ఏజెన్సీ పిల్లలు హైదరాబాద్ అశోక్‌నగర్ గదుల్లో ఏళ్ళ తరబడి చదివి రాసిన పరీక్ష అది. తీర్పు తప్పని నేననను. కానీ మళ్ళీ చూడండి అని చెప్పింది మొదటిసారి చూడనివాళ్ళకే. ఇలాంటి తీర్పు చెవికి ఇంపుగానే ఉంటుంది, పరీక్ష రాసినవాడికి ఒరిగేదేమీ ఉండదు.

మా జిల్లా కేంద్రం కొత్తగూడెం సంగతి చెప్పకపోతే ఊళ్ళోవాళ్ళు ఊరుకోరు. 2014లో ఎమ్మెల్యేగా గెలిచిన జలగం వెంకట్రావు ఆరుగురు పార్లమెంటరీ సెక్రటరీల్లో ఒకరయ్యారు. 2015లో హైకోర్టు ఆ పదవులకు అడ్డం కొట్టింది. 2018లో ఆయన వనమా వెంకటేశ్వరరావు చేతిలో ఓడిపోయి, వనమా అఫిడవిట్‌లో ఆస్తులు దాచారంటూ తానే కోర్టుకెక్కారు. 2023 జూలై 25న హైకోర్టు వనమా ఎన్నిక చెల్లదంది, ఐదు లక్షల జరిమానా వేసింది, జలగమే ఎమ్మెల్యే అంది. రెండు వారాలైనా తిరక్కముందే సుప్రీంకోర్టు స్టే ఇచ్చింది. డిసెంబరు ఫలితాల్లో ఓటర్లు ఇద్దరినీ పక్కనబెట్టి సి.పి.ఐ. కూనంనేని సాంబశివరావును గెలిపించారు. ఇది ఎన్నిక, నియామకం కాదు, నిజమే. అయినా పదవికి తగినవాడా అన్న ప్రశ్నకు హైకోర్టు జవాబిచ్చేసరికి ఐదేళ్ళ పదవిలో నాలుగున్నరేళ్ళు అయిపోవడం రెండు రకాల కేసులకూ ఉన్న జబ్బే.

మరి ఈలోపు ఆ కుర్చీలోంచి పడిన సంతకాలు? దానికీ జవాబు తెలుగు నేల మీది కేసులోనే ఉంది. గోకరాజు రంగరాజు కేసులో శిక్ష పడినవాళ్ళు, మాకు శిక్ష వేసిన సెషన్స్ జడ్జి నియామకమే తర్వాత రద్దయింది కాబట్టి మా శిక్ష చెల్లదన్నారు. 1981లో జస్టిస్ ఒ. చిన్నపరెడ్డి ఒప్పుకోలేదు. పదవి ఉంది, అతను అందులో ఉన్నాడని జనం నమ్మి మసలుకున్నారు, నియామకంలో లొసుగు బయటపడిందని అప్పటిదాకా ఇచ్చిన తీర్పులన్నీ గాలికి పోతే బతకడమెలా అన్నారు. మనిషి పోతాడు, సంతకం ఉంటుంది. ఈ సూత్రం లేకపోతే రాష్ట్రంలో సగం పట్టాలూ పెళ్ళి రిజిస్ట్రేషన్లూ ప్రశ్నార్థకమయ్యేవి.

పైన చెప్పినవన్నీ పెద్ద కుర్చీలు. అడవి అంచున బతికేవాళ్ళ నెత్తిన పడేవి చిన్న కుర్చీలు: టీచరు, వార్డెను, బీట్ ఆఫీసరు, కానిస్టేబులు. వీటిలో ఎవరు కూర్చోవాలన్న ప్రశ్న మీద దేశంలో వచ్చిన అతి పెద్ద తీర్పు మా పొరుగుదే. చింతూరు దాటి శబరి పక్కన కాస్త దూరం పోతే కుంట, ఛత్తీస్‌గఢ్. 2005లో మావోయిస్టులకు వ్యతిరేకంగా సల్వాజుడుం మొదలయ్యాక అక్కడ ఆదివాసీ కుర్రాళ్ళను ప్రత్యేక పోలీసు అధికారులుగా తీసుకున్నారు. నెలకు 3,000 రూపాయల గౌరవ వేతనం, అందులో ఎక్కువ భాగం కేంద్రమే ఇచ్చేది. ఐదో తరగతి చదివితే ప్రాధాన్యం. రెండు నెలల శిక్షణ, చేతికి తుపాకి. జనం వాళ్ళను కోయ కమాండోలనేవాళ్ళు. 2011 నాటికి 6,500 మంది. ఊళ్ళు తగలబడితే జనం శబరి, గోదావరి దాటి మా అడవుల్లోకి వచ్చిపడ్డారు. ఆ రోజుల్లో భద్రాచలం సంతలో కొత్త ముఖాలు కనిపించేవి. ఉప్పు కొని గబగబా వెళ్ళిపోయేవాళ్ళు, ఏ ఊరని అడిగితే జవాబుండేది కాదు.

సామాజిక శాస్త్రవేత్త నందినీ సుందర్, చరిత్రకారుడు రామచంద్ర గుహ, ఇ.ఎ.ఎస్. శర్మ దీని మీద సుప్రీంకోర్టుకెళ్ళారు. శర్మగారు మన రాష్ట్రంలో గిరిజన సంక్షేమ శాఖ కమిషనర్‌గా చేసినవారు, ఏజెన్సీ ఫైళ్ళు ఎలా నడుస్తాయో ఆయనకు ఒకరు చెప్పాల్సిన పనిలేదు. 2011 జూలై 5న జస్టిస్ బి. సుదర్శన్ రెడ్డి, జస్టిస్ నిజ్జర్ తీర్పిచ్చారు. థామస్ తీర్పుకు ఇది నాలుగు నెలల చిన్నది. రెండూ పక్కపక్కన పెట్టి చదివినవాళ్ళు తక్కువ, చదవాలి. ఈ కుర్రాళ్ళకు అడవి తెలుసు, భాష తెలుసు, ఉపాధి కూడా దొరుకుతుంది అన్నది ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వ వాదన. ఐదో తరగతి చదివిన పిల్లాడికి శిక్షాస్మృతి, సాక్ష్యాల చట్టం, మానవ హక్కులు కొద్ది వారాల్లో నేర్పి, ఆత్మరక్షణకు ఎప్పుడు కాల్చాలో వాణ్ణే తేల్చుకోమంటారా అని కోర్టు అడిగింది. ఆ నియామకాలు సమానత్వ హక్కునూ జీవించే హక్కునూ ఉల్లంఘిస్తున్నాయంది. ఎవరి హక్కులు? ఊరివాళ్ళవి, దాంతోపాటు ఆ కుర్రాళ్ళవి కూడా. తుపాకులు వెనక్కి తీసుకోమంది, మావోయిస్టుల మీదికి వాళ్ళను పంపొద్దంది.

కో వారంటో నిలబెట్టి అడిగేది పదవిలో ఉన్నవాణ్ణి. ఇక్కడ ఆ ప్రశ్న నియమించినవాళ్ళ మీదికి పూర్తిగా తిరిగింది. ఈ పనికి వీడు తగడు అన్న మాటలో నింద వీడి మీద పడలేదు. ఇంత చక్కటి తిరుగుడు ఇంకో నియామకాల కేసులో నాకు కనపడలేదు.

దీనికి తోబుట్టువులాంటి తీర్పు ఇంకొకటుంది, మళ్ళీ చిన్నపరెడ్డిగారిదే, 1983 నాటిది. మధ్యప్రదేశ్‌లో రామశంకర్ రఘువంశీ అనే బడిపంతులు ఆరెస్సెస్, జనసంఘ్ కార్యకలాపాల్లో పాల్గొన్నాడని పోలీసు రిపోర్టు వస్తే ఉద్యోగం పీకేశారు. వామపక్ష భావాలకు పేరుపడిన జడ్జి ఆ పంతులి వైపు నిలిచి, గతంలో ఎవరి పక్కన నడిచాడన్నది ప్రభుత్వోద్యోగానికి అడ్డు కాకూడదన్నారు. మా వైపు దీని విలువ ఇంకా ఎక్కువ. బస్టాండు దగ్గరి ఒక జిరాక్స్ షాపులో ఆ మధ్య కానిస్టేబుల్‌గా సెలెక్టయిన కోయ కుర్రాడు అటెస్టేషన్ ఫారం నింపుతున్నాడు. ఎప్పుడైనా అరెస్టయ్యారా, కేసు ఉందా అనే కాలమ్ దగ్గర పెన్ను ఆగిపోయింది. పోడు గొడవలో అటవీ శాఖవాళ్ళు తండ్రి పేరుతోపాటు ఇంటర్ చదివే తన పేరూ రాసుకుపోయారు. రాస్తే ఉద్యోగం రాదేమోనని భయం, రాయకపోతే దాచాడంటారని భయం. షాపతను ‘లేదు అని కొట్టెయ్ తమ్ముడూ, ఎవరు చూస్తరు’ అన్నాడు. నేను వద్దన్నాను. 2016లో అవతార్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు, దాచినంత మాత్రాన తీసెయ్యాలని లేదు, కేసు ఎంత చిన్నదో, ఏ వయసులో పెట్టిందో చూడాలి, నిజం రాసినా అధికారి బుద్ధి ఉపయోగించి నిర్ణయించాలి అని చెప్పింది. అంటే ఇక్కడా అదే: ఫైలు చదవాలి. చదివే అధికారి దొరుకుతాడన్న హామీ మాత్రం నేను ఆ కుర్రాడికి ఇవ్వలేకపోయాను. ‘ఉంది’ అనే రాశాడు.

టీచర్ల సంగతి వేరే దారిన నడిచింది. మైదానం నుంచి వచ్చిన పంతులు సోమవారం మధ్యాహ్నం దిగి శుక్రవారం పొద్దున బస్సెక్కేవాడు, పిల్లల కోయభాష వాడికి రాదు, వాడి తెలుగు పిల్లలకు రాదు. ఆ బాధకు మందుగా 2000 జనవరి 10న జీవో 3 వచ్చింది, షెడ్యూల్డు ప్రాంతాల్లో టీచరు పోస్టులు నూటికి నూరూ స్థానిక గిరిజనులకే అని. తాను గానీ తలిదండ్రులు గానీ 1950 జనవరి 26 నుంచి అక్కడే ఉంటున్నవాళ్ళు స్థానికులు. 2020 ఏప్రిల్ 22న చేబ్రోలు లీలాప్రసాదరావు కేసులో ఐదుగురు జడ్జీల ధర్మాసనం దాన్ని కొట్టేసింది, రెండు రాష్ట్రాలకూ కలిపి ఐదు లక్షల ఖర్చులు వేసింది. అప్పటిదాకా చేరిన టీచర్లను మాత్రం, ఇలాంటి పని మళ్ళీ చేయమన్న షరతు మీద కదపలేదు. నూరు శాతం చెల్లదన్న లెక్క నాకు అర్థమవుతుంది. కానీ అడవి బళ్ళో పాఠం చెప్పడానికి పిల్లల భాష రావడం, ఊళ్ళో రాత్రి పడుకోవడం కూడా యోగ్యతే కదా అన్న చర్చ, ఎంత శాతం అన్న చర్చ కింద నలిగిపోయింది. జీవో రాసినవాళ్ళూ దాన్ని కోటాగానే రాశారు, యోగ్యతగా రాయలేదు. రాసుంటే తీర్పు ఎలా ఉండేదో.

సల్వాజుడుం తీర్పు తర్వాత జరిగింది కూడా చెప్పాలి. ఛత్తీస్‌గఢ్ ప్రభుత్వం ఆ 2011లోనే సహాయక సాయుధ పోలీసు దళం పేరుతో చట్టం తెచ్చి ఆ కుర్రాళ్ళను అందులోకి తీసుకుంది. ఇది కోర్టు ధిక్కారమని పిటిషనర్లు వెళ్తే, శాసనసభ చట్టం చేయడం ధిక్కారం కాదంటూ 2025 మేలో సుప్రీంకోర్టు ఆ పిటిషన్ను ముగించేసింది. మూడు నెలలకు జస్టిస్ సుదర్శన్ రెడ్డి ఉపరాష్ట్రపతి పదవికి ప్రతిపక్షాల అభ్యర్థి అయితే, ఆయన ఆ పదవికి తగినవాడా కాదా అన్న వాదం ఈ తీర్పు చుట్టూనే తిరిగింది. కేంద్ర హోంమంత్రి దాన్ని తప్పుబట్టారు, పలువురు మాజీ న్యాయమూర్తులు హోంమంత్రిని తప్పుబట్టారు. సెప్టెంబరు 9న ఆయన 300 ఓట్లు తెచ్చుకుని ఓడిపోయారు.

అప్పుడు శబరి దాటి వచ్చినవాళ్ళ పిల్లలు ఇక్కడే పుట్టి, ఇక్కడి ఆశ్రమ పాఠశాలల్లో చదివి, ఇప్పుడు పదో తరగతి పాసవుతున్నారు. గుత్తికోయలంటాం వాళ్ళను. ఛత్తీస్‌గఢ్ నుంచి వచ్చినవాళ్ళు కాబట్టి ఇక్కడ ఎస్టీ సర్టిఫికెట్ దొరకడం కష్టం, అక్కడికి పోయి తెచ్చుకుందామంటే తాత ఊరు కాగితాల మీద తప్ప మిగల్లేదు. మొన్న అదే జిరాక్స్ షాపులో ఒకడు ఉద్యోగ దరఖాస్తు ముందేసుకుని కూర్చున్నాడు. పేరు రాశాడు, తండ్రి పేరు రాశాడు. స్థానికత కాలమ్ దగ్గర తల పైకెత్తి, ఏం రాయమంటారు సార్ అని అడిగాడు.